మొదటి మౌత్ ఆర్గాన్: పది రంధ్రాల్లో సరిగమలు

(ఒక సంగీత పాఠశాలలో ఆదివారం సాయంత్రం పిల్లలకు, వాళ్ల పెద్దవాళ్లకు కలిపి చేసిన ప్రసంగానికి అక్షర రూపం. వాయించి చూపించిన చోట్లు బ్రాకెట్లలో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

ఇందాక లోపలికి వస్తుంటే ఒక పెద్దమ్మగారు ఆపి అడిగారు. "మా మనవడు మౌత్ ఆర్గాన్ కొనిపెట్టమని ప్రాణం తీస్తున్నాడు నాయనా, ఏది కొనాలి?" అని. సమాధానం ముందే చెప్పేస్తాను. పది రంధ్రాలది, సి శ్రుతిది, డయటోనిక్ రకం, అంటే ఒకే శ్రుతి సప్తస్వరాలకు కట్టినది. చీటీ మీద ఈ మూడు ముక్కలూ రాసుకెళ్లి షాపులో ఇవ్వండి. "అది లేదమ్మా, ఇది కూడా అలాంటిదే" అంటే కొనకుండా వచ్చేయండి. ఎందుకో చెప్తాను.

మన ఊళ్లలో మౌత్ ఆర్గాన్ కావాలంటే ఎక్కువగా చేతికిచ్చేది పొడుగ్గా, రెండు వరసల చిన్న చిన్న గళ్లతో ఉంటుంది. దాని పేరు ట్రెమొలో. అందులో ఒక్కో స్వరానికి రెండేసి రీడ్లు, అంటే గాలికి మోగే సన్నని నాలుకలు, ఉంటాయి. ఆ రెండింటినీ కావాలనే రవ్వంత తేడాతో శ్రుతి చేస్తారు. రెండూ కలిసి మోగితే నాదం అలలు అలలుగా ఊగుతుంది. (వాయించారు.) బాగుంది కదా? పాత పాటలకు భలే నప్పుతుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. కానీ రెండు మూడు వందలకు దొరికే ట్రెమొలోలో ఆ రవ్వంత తేడా కాస్తా బోలెడంత తేడా అయి కూర్చుంటుంది. అపస్వరం పలికితే తప్పు తనదో, వాయిద్యానిదో నేర్చుకునే పిల్లాడికి తెలియదు. చెవి తయారవుతున్న వయసులో అది మంచిది కాదు. ఇంకో ఇబ్బంది, స్వరాన్ని కిందికి వంచడం దాని మీద దాదాపు కుదరదు. ఆ వంచడం సంగతి తర్వాత చెప్తాను, అసలు విషయం అక్కడే ఉంది.

ఇంకో రకం క్రొమాటిక్. పక్కన ఒక బటన్ ఉంటుంది. నొక్కితే ప్రతి స్వరం ఒక అరమెట్టు పైకెళ్తుంది. అంటే పన్నెండు స్వరస్థానాలూ చేతిలో ఉన్నట్టే. లారీ ఆడ్లర్, టూట్స్ థీల్‌మాన్స్ లాంటి మహానుభావులు వాయించింది దీన్నే. "మరి అదే కొనొచ్చుగా?" అంటారు. మంచిది కావాలంటే పది వేలు దాటుతుంది. లోపల పల్చటి ప్లాస్టిక్ వాల్వులు ఉంటాయి, నోటి తేమకు అవి అతుక్కుపోతుంటాయి. గాలి పట్టడం కూడా రాని వాడికి ఆ తలనొప్పి ఎందుకు? రెండేళ్ల తర్వాత కొనుక్కోనివ్వండి.

మనవాళ్లకు ఈ వాయిద్యం అంటే ఉన్న ఇష్టం ఎక్కువగా హిందీ సినిమాల వల్ల వచ్చిందే. 1958లో ఎస్.డి. బర్మన్ సంగీతం చేసిన ఒక సినిమా పాటలో మౌత్ ఆర్గాన్ వాయించింది ఆయన కొడుకు ఆర్.డి. బర్మన్. అప్పటికి ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. తర్వాత 1964లో లక్ష్మీకాంత్-ప్యారేలాల్ సంగీతం చేసిన సినిమాకూ ఆయనే వాయించాడు. ఇక 1975లో షోలే సినిమాలో అమితాబ్ బచ్చన్ మెట్ల మీద కూర్చుని వాయిస్తుంటే చూసినవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉండుంటారు. నిజంగా వాయించింది భాను గుప్తా అనే కలకత్తా కళాకారుడు. ఆయన పేరు ఎంతమందికి తెలుసు? (నవ్వులు) అదే మరి.

సరే, దీన్ని విప్పి చూపిస్తాను. రెండు స్క్రూలు తీస్తే పై రేకు ఊడొస్తుంది. ఇదిగో, ఈ ఇత్తడి పలక మీద పది సన్నని నాలుకలున్నాయి, కింది పలక మీద ఇంకో పది. వీటినే రీడ్లు అంటాం. పై పలకవి ఊదితే మోగుతాయి, కింది పలకవి పీలిస్తే మోగుతాయి. ఎడమ చివర రీడు పొడుగ్గా ఉంది చూశారా, అది మంద్రం. కుడి చివరిది గోరంత కూడా లేదు, అది తారం. మధ్యలో గదులు గదులుగా ఉన్న ముక్కను కోంబ్ అంటారు. పెట్టె మొత్తం ఇంతే. మన పద్యనాటకాల్లో మోగే హార్మోనియంలోనూ ఇలాంటి రీడ్లే ఉంటాయి. అక్కడ గాలి తిత్తి నుంచి వస్తుంది, ఇక్కడ మన ఊపిరితిత్తుల నుంచి వస్తుంది.

కోంబ్ చెక్కతో చేసినవీ ఉన్నాయి, ప్లాస్టిక్‌వీ ఉన్నాయి. చెక్క నాదం వేరు అని వాదించేవాళ్లున్నారు. వాళ్లతో గొడవ పెట్టుకోను. మొదటిది మాత్రం ప్లాస్టిక్ కోంబ్‌దే తీసుకోండి. చెక్క తేమకు ఉబ్బి అంచులు పైకి లేస్తే పెదవికి గీసుకుంటుంది, మన కోస్తా ఉక్కపోతలో మరీను. హోనర్ కంపెనీ స్పెషల్ 20, సుజుకి వాళ్ల హార్ప్‌మాస్టర్, చైనా నుంచి వచ్చే ఈస్ట్‌టాప్, వీటిలో ఏదైనా పర్వాలేదు. రెండు వేల నుంచి ఐదు వేల లోపు బడ్జెట్ పెట్టుకోండి. అంతకంటే బాగా తక్కువకు వచ్చేవాటిలో గాలి పక్కల నుంచి కారిపోతుంది. పిల్లాడు బుగ్గలు పగిలేలా ఊదినా మూలుగు తప్ప ఏమీ రాదు. వారం తిరక్కుండా అది సొరుగులోకి వెళ్తుంది, "వీడికి సంగీతం అబ్బలేదు" అని మనం తీర్మానించేస్తాం. ఒకటి గుర్తుంచుకోండి, షాపులో నోటితో ఊది చూపించిన పీస్ ఎంత డిస్కౌంట్ ఇచ్చినా కొనకండి. నోట్లో పెట్టుకునే వస్తువు అది. సీల్ తీయనిదే అడగండి.

హోనర్ అన్నాను కాబట్టి ఓ రెండు మాటలు. మథియాస్ హోనర్ గడియారాలు చేసే మనిషి. 1857లో జర్మనీలోని ట్రోసింగెన్ అనే చిన్న ఊళ్లో మౌత్ ఆర్గాన్లు చేయడం మొదలుపెట్టాడు. ఆ మొదటి ఏడాది చేసినవి 650. క్లింగెన్‌థాల్‌లో ఉన్న సైడెల్ కంపెనీ వీళ్లకంటే పదేళ్లు పెద్దది, ఇప్పటికీ నడుస్తోంది. హోనర్ 1896లో తెచ్చిన మెరైన్ బ్యాండ్ మోడల్‌ను ఇవాళ్టికీ అమ్ముతున్నారు. జేబులో పట్టడమే దీని అదృష్టం. 1965 డిసెంబరులో జెమినీ 6 వ్యోమనౌకలో వాలీ షిరా ఒక బుల్లి మౌత్ ఆర్గాన్ దాచుకుని వెళ్లి అంతరిక్షంలో క్రిస్మస్ పాట వాయించాడు. నాలుగే రంధ్రాలు దానికి. వీణ పట్టుకెళ్లలేం కదా! (నవ్వులు)

ఇప్పుడు అసలు పాఠం. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకోండి. అంకెలు మీకు పైన కనిపించాలి, 1 ఎడమ వైపు ఉండాలి. పెదవులు చివర పెట్టి ముద్దు పెడుతున్నట్టు కాకుండా, పెట్టెను కాస్త లోపలికి తీసుకోండి. పెదవి లోపలి తడి భాగం రేకుకు ఆనాలి. భుజాలు దించేయండి. వేడి పాలు చల్లార్చడానికి ఊదినట్టు ఊదకండి, అంత గాలి దీనికి అక్కర్లేదు. మామూలుగా ఊపిరి తీసి వదలండి, పొట్ట నుంచి. మొదట్లో కాసేపటికే తల తిరిగినట్టుంటుంది. టెన్షన్ పడకండి, అలవాటు లేని ఊపిరి ఆట అది. ఆపేసి మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టండి.

ఒక్కో రంధ్రం విడిగా పలికించడానికి కొన్ని రోజులు పడుతుంది. పక్క స్వరాలు కూడా తోడొస్తుంటాయి. రానివ్వండి. పెదవులను సున్నా చుట్టినట్టు చిన్నవి చేస్తూ పోతే అవే తప్పుకుంటాయి.

ఇక 2వ రంధ్రం. దీని గురించి విడిగా చెప్పకపోతే మీరు రేపు నాకు ఫోన్ చేస్తారు. 2 ఊదితే బ్రహ్మాండంగా మోగుతుంది. 2 పీలిస్తే? (వాయించారు: బొంగురుగా, ఎగతాళిగా ఒక చప్పుడు. నవ్వులు.) కొత్తవాళ్లందరికీ ఇంతే. పెట్టె పాడైందని షాపుకు తిరిగి పట్టుకెళ్తారు. షాపతను తీసుకుని వాయిస్తే మోగుతుంది, వీళ్ల మొహం చిన్నబోతుంది. జరిగేదేంటంటే, గట్టిగా లాగే కంగారులో గొంతు, నాలుక బిగుసుకుపోతాయి. నోటి లోపలి ఖాళీ ఆకారం మారి ఆ రీడు సరైన స్వరం మీద నిలవదు. దవడ వదులు చేసి, ఆవలింతలో గొంతు తెరుచుకుంటుందే, అలా తెరిచి నెమ్మదిగా పీల్చండి. (వాయించారు.) వచ్చింది. ఈ 2ను సాధించినవాడికి సగం పని అయిపోయినట్టే.

స్వరాలు ఎక్కడున్నాయో చూద్దాం. సి శ్రుతి అంటే మన లెక్కలో ఒకటో శ్రుతి. మగవాళ్లు చాలామంది పాడే శ్రుతే. 4 దగ్గర మొదలుపెట్టండి. 4 ఊదితే స, 4 పీలిస్తే రి. 5 ఊదితే గ, పీలిస్తే మ. 6 ఊదితే ప, పీలిస్తే ద. ఇంతవరకు ఊదు, పీల్చు, ఊదు, పీల్చు. 7 దగ్గర తిరగబడుతుంది. ముందు పీలిస్తే ని, తర్వాత ఊదితే పై స. ఇక్కడే అందరూ తడబడతారు. ద పీల్చాక మళ్లీ ని కూడా పీల్చాలి, ఊపిరి మార్చకుండా 6 నుంచి 7కి జరగాలి. (వాయించారు: స రి గ మ ప ద ని స.) ఇది ఏ రాగం మెట్లు? చెప్పండి పిల్లలూ... శంకరాభరణం! శభాష్.

మరి 1 నుంచి 3 వరకు ఏముంది అంటారా? స గ ప ఉన్నాయి ఊదితే. పీలిస్తే రి ప ని. మ, ద అక్కడ లేవు. ఇది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. ఎక్కడ మూడు రంధ్రాలు కలిపి ఊదినా స గ ప కలిసి పలకాలని, జానపదుల పాటకు వెనక తోడు నాదం ఉండాలని అలా అమర్చారు. మనకు మాత్రం ఆ కింది స్థాయిలో మ, ద కావాల్సిన పాట వస్తే ఇబ్బందే. అందుకే మధ్య స్థాయిలోనే ఉండండి కొంతకాలం.

ఇక్కడికి వచ్చే పిల్లలకు సంగీతం పంతులుగారు మొదట ఏం చెప్తారు? సరళీ వరసలు. ఏ రాగంలో? మాయామాళవగౌళ. ఆ రాగానికి శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం కావాలి, అంటే మనం ఇందాక వాయించిన రి, ద కంటే అరమెట్టు తక్కువవి. ఈ పెట్టెలో ఆ రెండూ లేవు! తర్వాత నేర్పే మొదటి గీతం మలహరిలో ఉంటుంది. అందులోనూ అవే రి, ద. అంటే పాట క్లాసులో మొదటి మెట్టు మౌత్ ఆర్గాన్‌లో అందదు. ఇది తెలియక పిల్లలు నోట్‌బుక్ తెరిచి మొదటి పేజీ నుంచి వాయించబోయి, "ఇందులో కర్ణాటక సంగీతం రాదు" అని వదిలేస్తారు. నేనంటాను, నాలుగు పేజీలు తిప్పండి. మోహన రాగంలో వరవీణ గీతం వస్తుంది కదా, అక్కడ మొదలుపెట్టండి. మోహనకు కావాల్సిన స రి గ ప ద అయిదూ ఇక్కడ ఎదురుగా ఉన్నాయి. పైగా ని లేదు కాబట్టి 7 దగ్గర తిరకాసు కూడా లేదు.

చూడండి. "గగ పాపా" అంటే 5 ఊదు రెండుసార్లు, 6 ఊదు రెండుసార్లు, దీర్ఘంగా. "దప సాసా" అంటే 6 పీల్చు, 6 ఊదు, 7 ఊదు, 7 ఊదు. తర్వాత "రిస దదపా". పై రి అంటే 8 పీల్చు, 7 ఊదు, 6 పీల్చు రెండుసార్లు, 6 ఊదు. "దప గగరీ"కి 6 పీల్చు, 6 ఊదు, 5 ఊదు రెండుసార్లు, 4 పీల్చు. (నెమ్మదిగా వాయించారు. వెనక వరసల్లో పిల్లలు కలిసి పాడారు.) చప్పట్లు నాకు కాదు, పాడిన పిల్లలకు కొట్టండి. ముందు నోటితో స్వరం పాడి, తర్వాత వాయించాలి. అంకెలు బట్టీ పట్టినవాడు అంకెల దగ్గరే ఆగిపోతాడు. నేను ఇప్పుడు అంకెలు చెప్పింది దారి చూపడానికే, రెండో వారానికి ఆ కాగితం చింపేయండి.

హంసధ్వని కూడా ఇలాగే తేలిగ్గా వస్తుంది. శుద్ధ సావేరి వస్తుంది. అవి ఇంటికెళ్లి మీరే వెతుక్కోండి.

ఇప్పుడు వంచడం. 4వ గదిలో ఊదేది ఒకటి, పీల్చేది ఒకటి, రెండు రీడ్లున్నాయి కదా, ఒకటి స, ఒకటి చతుశ్రుతి రిషభం, అంటే ఇందాక వాయించిన రి. వాటి మధ్య ఒక స్వరస్థానం ఖాళీగా ఉంది. అది శుద్ధ రిషభం. 4 పీలుస్తూ, నోట్లో "ఈ" అంటున్నట్టున్న నాలుకను "ఊ" అన్నట్టు వెనక్కి, కిందికి లాగితే స్వరం జారి ఆ ఖాళీలోకి వస్తుంది. (వాయించారు. రి నెమ్మదిగా కిందికి జారింది.) విన్నారా? ఊపిరి బలం పెంచలేదు, నాలుక మాత్రమే కదిలింది. ఒకే గదిలో ఉన్న రెండు రీడ్లూ ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల ఇది జరుగుతుంది. ఏ గదిలోనైనా హెచ్చు స్వరమే వంగుతుంది, అదీ తగ్గు స్వరం దాకా మాత్రమే. 6లో ప, ద ఉన్నాయి. 6 పీల్చి వంచితే శుద్ధ ధైవతం. ఇప్పుడు లెక్క చూసుకోండి. శుద్ధ రిషభం దొరికింది, శుద్ధ ధైవతం దొరికింది. గ, మ, ని అంతకుముందే ఉన్నాయి. (వాయించారు: మాయామాళవగౌళ ఆరోహణ, అవరోహణ.) లేదనుకున్న రాగం ఈ పది రంధ్రాల్లోనే ఉంది. కాకపోతే పాట నేర్చుకునేవాడికి అది మొదటి రోజు పాఠం, మనకు కనీసం ఆరు నెలల తర్వాతి పాఠం. వంచిన స్వరాన్ని సరిగ్గా ఆ స్థానంలో నిలబెట్టడం అంత తేలిక కాదు. తంబురా యాప్ పెట్టుకుని రోజూ 4 మీద కాసేపు కుస్తీ పట్టాలి. 2, 3 రంధ్రాల్లో వంచడం ఇంకా కష్టం. 3 పీల్చి మూడు అరమెట్లు కిందికి దించొచ్చు, ప్రతి మెట్టు దగ్గరా ఆగడం నేర్చుకోవాలి. కింది స్థాయిలో లేదనుకున్న ద అక్కడే దొరుకుతుంది. మ కావాలంటే 2 పీల్చి రెండు అరమెట్లు దించాలి.

1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను నిషేధించింది. 1971 దాకా సడలించలేదు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న స్వరాన్ని అది పలికించలేదు, గమకం రాదు అన్నది పెద్ద అభ్యంతరం. దాని చుట్టమే అయిన ఈ చిన్న పెట్టె మాత్రం జారుతుంది. ఫ్లూట్‌లా, వీణలా పూర్తి గమకం వస్తుందని చెప్పను, అది అబద్ధం. వంగే చోట బాగా వంగుతుంది, 5 పీల్చి వచ్చే మ లాంటి చోట్ల సరిగా వంగనే వంగదు. ఏ రాగానికి ఎక్కడ జారు కావాలో, ఆ జారు ఈ పెట్టెలో ఉందో లేదో చూసి పాట ఎంచుకోవాలి.

ఈ వంచడాన్ని మొదట బాగా కనిపెట్టింది అమెరికాలోని నల్లజాతి బ్లూస్ కళాకారులు. జర్మన్లు పండగ పాటల కోసం చేసి పంపిన పెట్టెను వాళ్లు తిరగేసి వాయించారు. సి పెట్టె తీసుకుని 2 పీల్చి వచ్చే పంచమాన్నే షడ్జం చేసుకున్నారు. మనం గ్రహభేదం అంటామే, అదే. అలా చేస్తే హరికాంభోజి మెట్లు వస్తాయి, రి ఒక్కటి మాత్రం 3 వంచి తెచ్చుకోవాలి. 4 పీల్చి వచ్చే రిషభాన్ని షడ్జం చేసుకుంటే ఏమీ వంచకుండానే ఖరహరప్రియ. అందులో నుంచే మధ్యమావతి. 5 ఊది వచ్చే గ ను స చేసుకుని మోహన స్వరాలే వాయిస్తే హిందోళం. (వాయించారు.) పెట్టె మారలేదు, రంధ్రాలూ అవే.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: సార్, పిల్లాడు నాన్‌స్టాప్‌గా వాయిస్తే ఎన్నాళ్లు ఉంటుంది? కడగొచ్చా?)

గట్టిగా ఊదేవాడి చేతిలో 4, 5 పీల్చే రీడ్లు తొందరగా అలసిపోతాయి, శ్రుతి దిగిపోతుంది. మెల్లగా వాయిస్తే ఏళ్లు వస్తుంది. తినగానే వాయించకూడదు, నోరు పుక్కిలించాలి. బిస్కెట్ పొడి ఒక్క రవ్వ ఇరుక్కున్నా రీడు మూగబోతుంది. వాయించాక రంధ్రాలు కిందికి ఉంచి అరచేతి మీద నాలుగుసార్లు కొట్టి, కాసేపు ఆరనిచ్చి డబ్బాలో పెట్టండి. ప్లాస్టిక్ కోంబ్‌ది అయితే గోరువెచ్చని నీళ్లలో ఎప్పుడన్నా ఒకసారి కడగొచ్చు. చెక్కదాన్ని నీళ్లలో ముంచకండి. అన్నాచెల్లెళ్లిద్దరికీ ఒకటే కొందాం అనుకోకండి, రెండు కొనండి.

(మరొకరు: మా ఆవిడ ఐదు శ్రుతిలో పాడుతుందండీ. ఆవిడ పాటకు తోడు వాయించాలంటే ఈ సి పనికొస్తుందా?)

స్వరాలు ఇక్కడే ఉన్న పాటైతే సర్దుకోవచ్చు, ఎక్కువసార్లు కుదరదు. మీకు జి శ్రుతిది కావాలి. అది సి కన్నా మందంగా, బరువుగా పలుకుతుంది. ఊపిరి కొంచెం ఎక్కువ తాగుతుంది. 1 ఊదితే ఆవిడ షడ్జమే వస్తుంది. కానీ ఆ కింది స్థాయిలో మ, ద లేవని చెప్పుకున్నాం కాబట్టి 4 నుంచి, అంటే ఆవిడ గొంతుకు ఒక స్థాయి పైన వాయించండి. పాట మధ్యలో ఆవిడ ఊపిరి తీసుకునే చోట్లే దూరండి. ముందు సి మీద వరవీణ రానివ్వండి, ఆ తర్వాతే జి కొనండి.